మొండికెత్తిన వెనుక బ్రేకు: గాలి తీయు విధము



ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సంధులు, సమాసములు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడు మోటారు సైకిలు బ్రేకును గూర్చి ప్రసంగింపబూనుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. ఉద్యోగమున నున్నంతకాలము నేనును బండి చెడినచో దుకాణము ముందు నిలిపి, అడిగిన సొమ్ము ఇచ్చి, చెప్పిన మాట విని ఇంటికి వచ్చువాడనే. ఇప్పుడు చెప్పబోవు విషయము నేర్పినవాడు నా శిష్యుడు. ఎనిమిదవ తరగతిలో గుణసంధికిని వృద్ధిసంధికిని భేదము తెలియక నాచేత బెంచీ యెక్కినవాడు. నేడు నాచారము పారిశ్రామికవాడలో లేతు మిషను పెట్టుకొని గౌరవముగా జీవించుచున్నాడు.

గత వర్షకాలమున ఒకనాటి సాయంకాలము నేను మనుమని వెనుక కూర్చుండబెట్టుకొని నాచారమునుండి ఉప్పలునకు వచ్చుచుంటిని. పారిశ్రామికవాడ దారులెట్లుండునో చూచినవారికి తెలియును. ఇనుపకమ్ములు బయటికి పొడుచుకొని వచ్చిన బండ్లు, గుంటలలో నిలిచిన నీరు, నీటి యంచున మేట వేసిన సన్నని యిసుక. ముందు పోవుచున్న లారీ ఉన్నట్లుండి నిలిచెను. కుడికాలితో బ్రేకు నొక్కితిని. పెడలు అడుసులో కాలు దిగినట్లు చల్లగా దిగిపోయెను గాని చక్రమును పట్టలేదు. చేతి బ్రేకు పట్టితిని. ముందు చక్రము ఇసుకపై జారెను. ఇరువురమును ప్రక్కకు పడితిమి. లారీ వెనుక చక్రమునకును పిల్లవాని తలకును మధ్య మూరెడు చోటుండెను. వాని మోకాలు గీరుకొనుటతో పోయినది. ఆ మూరెడు చోటు మాత్రము నేటికిని నా కన్నులయెదుట నిలిచియున్నది.

బండిని నిలుపు బలములో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే యని నిపుణులందురు. అది నిజమే. కాని తడిసిన బురద, ఇసుక, పేడ, వడ్లు ఆరబోసిన రోడ్డు, ఇట్టి చోట్ల ముందు చక్రమును గట్టిగా పట్టినవాడు పడును. అచట మెల్లగా, నిలుకడగా ఆపునది వెనుక బ్రేకే. మన పల్లెదారులలో దాని విలువ పట్టణములలోకంటె హెచ్చు.

మరునాడు బండిని ఒక దుకాణమునకు తీసికొనిపోతిని. ప్యాడ్లు అరిగినవి, ఆయిలు తగ్గినది, గాలి పట్టినది అనిరి. క్రొత్త ప్యాడ్లు వేసి, గాలి తీసితిమని చెప్పి, పెడలును కొంచెము పైకి లేపి ఇచ్చిరి. రెండు దినములు బాగుగా నుండెను. మూడవనాడు ఘట్‌కేసరు దాక పోయి తిరిగి వచ్చునప్పటికి పెడలు మరల అడుసులో దిగెను. రెండవసారి గాలి తీసిరి. మరల అదే కథ. మూడవసారి మాస్టరు సిలిండరు మొత్తము మార్చవలెననిరి. అప్పుడు నాకు శిష్యుడు జ్ఞాపకము వచ్చెను.

వాడేమి చేసెనో చెప్పుటకు ముందు ఈ యంత్రము ఎట్లు పనిచేయునో చెప్పవలెను. అది తెలియక చేసినది కంఠస్థము చేసిన పద్యమువంటిది. నడుమ ఒక పదము మరచినచో మొత్తము ఆగిపోవును.

పూర్వపు బండ్లలో వెనుక బ్రేకునకు ఇనుప కడ్డీయో తీగయో ఉండెడిది. ఈ క్రొత్త బండ్లలో ఆ కడ్డీకి బదులు ద్రవము. పెడలు క్రింద నిలువుగా నిలిచిన చిన్న గొట్టము కలదు. దానిని మాస్టరు సిలిండరందురు. పెడలు నొక్కగానే ఒక కడ్డీ దానిలోని పిస్టనును పైకి తోయును. దానిపైనున్న ద్రవము సన్నని గొట్టముగుండ చక్రము కడనున్న క్యాలిపరు లోనికి పోయి, అచటి పెద్ద పిస్టనును తోయును. ఆ పిస్టను ప్యాడ్లను బిళ్లకు అదుమును. బిళ్లయనగా చక్రముతోపాటు తిరుగు డిస్కు.

మూతవేసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ యొత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని కనుగొన్నవాడు బ్లేజ్ పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు. ఆయన 1623లో పుట్టి 1662లో గతించెను. ద్రవములను గూర్చిన ఆయన గ్రంథము మరుసటి యేట వెలువడినది. ఆ సూత్రమును బండ్ల బ్రేకులకు పట్టించుటకు రెండున్నర శతాబ్దములు పట్టెను. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ అనువాడు 1917లో దానికి పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గు కారులకు నాలుగు చక్రములకును అట్టి బ్రేకులు వచ్చినవి. మోటారు సైకిళ్లలో 1969 నాటి హోండా సీబీ 750 బండి డిస్కు బ్రేకును లోకమునకు అలవాటు చేసెను.

ఒక లెక్క చూడుడు. కాలి కడ సిలిండరు వ్యాసము 12.7 మిల్లీమీటర్లు, క్యాలిపరులోని పిస్టను వ్యాసము 32 మిల్లీమీటర్లు అనుకొందము. మొదటిదాని వైశాల్యము సుమారు 1.27 చదరపు సెంటీమీటర్లు. రెండవదానిది సుమారు 8. పాదము 10 కిలోల బలముతో నొక్కగా, పెడలు గునపమువలె మీటి దానిని నాలుగింతలు చేయుననుకొనుడు. చిన్న పిస్టనుపై 40 కిలోలు పడును. పెద్ద పిస్టనుకడ అదే సుమారు 250 కిలోలగును. ఇంత లాభము ఊరక వచ్చునా? రాదు. బలము పెరిగినంత మేర నడక తగ్గును. చిన్న పిస్టను 10 మిల్లీమీటర్లు నడచినచో పెద్దది ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే కదలును. ప్యాడునకును బిళ్లకును నడుమ ఎడము వెండ్రుకవాసి గనుక ఆ నడక చాలును.

ఇచట ఒక చిత్రము. ద్రవమను మాట పరుగెత్తుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. పరుగెత్తు దానినే పట్టి పరుగును ఆపుటకు వాడుచున్నాము. శిష్యునకు ఈ మాట చెప్పితిని. వాడు తలయూపి పానా అందుకొనెను.

ద్రవమునకు గల గొప్పగుణము అణగకపోవుట. గాలికి గల గుణము అణగుట. పాస్కల్ గతించిన 1662లోనే రాబర్టు బాయిలు అను శాస్త్రజ్ఞుడు గాలి యొత్తిడి ఎన్ని రెట్లు పెరిగిన దాని పరిమాణము అన్నవ వంతునకు తగ్గునని ప్రకటించెను. పై లెక్కలో సిలిండరులోని యొత్తిడి వాతావరణపు టొత్తిడికి ముప్పది రెట్లు మించును. గొట్టములో ఎచటనో ఒక ఘన సెంటీమీటరు గాలి, అనగా పెద్ద చింతగింజ పాటిది, చిక్కుకొన్నదనుకొనుడు. అది ముప్పదియవ వంతునకు ముడుచుకొనిపోవును. కాలు పూర్తిగా నొక్కినను తోయబడు ద్రవము 1.27 ఘన సెంటీమీటర్లే. అందులో దాదాపు ఒకటి ఆ గాలిని అణచుటకే చెల్లిపోయెను. మిగిలినది చక్రమును పట్టుటకు చాలదు. కాలు దిగుట, బండి ఆగకుండుట, రెంటికిని కారణము ఆ చింతగింజయే.

బావికడ మోటారు పెట్టినవారికి ఈ సంగతి క్రొత్తగాదు. ఫుట్‌వాల్వు కారి గొట్టములోనికి గాలి దూరినచో మోటారు ఎంత తిరిగినను నీరు రాదు. గొట్టము నిండ నీరు పోసి గాలిని వెడలగొట్టినగాని పంపు పట్టదు. బ్రేకునకును అదియే చికిత్స. దీనిని దొరల భాషలో నెత్తురు తీయుట యను అర్థము వచ్చు మాటతో ‘బ్లీడింగు’ అందురు. మన ఆయుర్వేదమున రక్తమోక్షణమను చికిత్స కలదు. సుశ్రుతుడు జలగలతో దానిని చేయు విధము కూడ వివరించెను. కాని ఇచట విడువవలసినది వాయువు. వాయుమోక్షణమనుట న్యాయము. దుకాణములలో మనవారు ‘ఎయిరు తీయుట’ అనుచున్నారు. పండితులు ఎవరును నేర్పకయే సరియైన మాట పట్టుకొన్నారు.

గాలి ఎట్లు దూరును? ప్యాడ్లు అరిగినకొలది పెద్ద పిస్టను ముందునకు జరుగును. ఆ ఖాళీని నింపుటకు డబ్బాలోని ద్రవము తగ్గును. అడుగంటినచో గాలియే లోనికి పోవును. గొట్టము విప్పినను పోవును. సిలిండరు లోపలి రబ్బరు గిన్నె అరిగినను పోవును. వీనికంటె గుట్టుగా జరుగు మార్గము మరియొకటి కలదు. మనము బ్రేకు ఆయిలు అని పిలుచునది నిజమునకు నూనె గాదు. డాట్ 3, డాట్ 4 అను పేర్లతో అమ్మునది గ్లైకాలు జాతి ద్రవము. ఉప్పువలె గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 క్రొత్తదైనచో 230 డిగ్రీల సెంటీగ్రేడుకు తక్కువ వేడిలో మరగరాదని నియమము. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలు. డాట్ 3కు ఈ అంకెలు 205, 140. బ్రేకు వేడెక్కి ద్రవములోని నీరు మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరియు గాలివలెనే అణగును. చల్లారగానే మరల నీరై, పెడలు ఏమియు ఎరుగనట్లు గట్టిపడును. అందుచేతనే దుకాణము చేరునప్పటికి జబ్బు కనబడదు, దారిలో కనబడును. రెండేండ్లకొకసారి ద్రవమును మార్చుమని చెప్పుట ఇందుకే. నా బండిలోనిది మార్చి అయిదేండ్లు దాటినది. పాదమును ఎప్పుడును పెడలుమీదనే ఆనించి నడుపు అలవాటు మనలో పెద్దలకు హెచ్చు, నాకును ఉండెను. అది చక్రమును దారిపొడవున రాచి వేడెక్కించును.

ఇక మామూలు పద్ధతి. బండిని నిటారుగా నిలుపవలెను. డబ్బా మూత తుడిచి తీసి, క్రొత్త ద్రవముతో నింపవలెను. క్యాలిపరుమీద రబ్బరు టోపీ పెట్టిన చిన్న నిప్పిలు కలదు. దానికి ముందుగా రింగు పానా తగిలించి, పిదప తెల్లని సన్నగొట్టము తొడిగి, గొట్టము కొనను కొంచెము ద్రవము పోసిన సీసాలో ముంచవలెను. ఒకరు పెడలు మెల్లగా మూడు నాలుగు మార్లు నొక్కి, నొక్కినట్లే పట్టియుంచవలెను. రెండవవారు నిప్పిలును పావు చుట్టు విప్పుదురు. ద్రవమును బుడగలును సీసాలోనికి వచ్చును. పెడలు క్రిందికి దిగును. నిప్పిలు మూసిన పిదపనే పెడలు వదలవలెను. ముందు వదలినచో పోయిన గాలి తిరిగి వచ్చును. డబ్బా అడుగంటకుండ నడుమ నడుమ పోయుచుండవలెను. బుడగలు రాక, ద్రవము తేటపడి, పెడలు రాయివలె నిలుచువరకు ఇట్లు చేయవలెను. నిప్పిలును బలము కొలది బిగింపరాదు. విరిగినచో క్యాలిపరే పోవును.

ఇంత సుళువైనచో నా బండికి రెండుమార్లు చేసినను ఏల కుదరలేదు?

శిష్యుడు బండిని నడిపించుకొని రమ్మని చెప్పి ఊరకుండెను. నేను ఉప్పలు చౌరస్తా దాక పోయి వచ్చితిని. వరంగల్లు రోడ్డు మీద నారపల్లి దిక్కున ఎత్తు వంతెన పని 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగుటచే ఆ దారిలో బ్రేకు నొక్కని నిమిషము లేకుండెడిది, ఆనాడును అంతే. రాగానే వాడు నాలుగు చుక్కల నీరు వెనుక బిళ్లమీద చల్లెను. చుఱ్ఱుమనెను. ముందు బిళ్లమీద చల్లెను. ఏమియు లేదు.

“సారూ, మీ బ్రేకు పట్టుకపోవుడు కాదు, ఇడువకపోవుడు” అనెను.

చల్లారిన పిదప క్యాలిపరును విప్పి, ప్యాడ్ల నడుమ చెక్కముక్క పెట్టి పిస్టనును వెనుకకు తోయజూచెను. కదలలేదు. అప్పుడు మాస్టరు సిలిండరు క్రింది కడ్డీకి గల లాకు నట్టు విప్పి, కడ్డీని రెండు చుట్లు పొట్టి చేసెను. మరల తోసెను. పిస్టను వెన్నలోనికి పోయినట్లు లోపలికి పోయెను; డబ్బాలోని ద్రవము పైకి ఉబికెను.

“ఈ రాడు ఎవరు పెంచిండ్రు సారూ?”

పెడలును పైకి లేపి ఇచ్చిరని చెప్పితిని కదా. ఆ లేపుటయే కొంప ముంచినది. ఏలయనగా, మాస్టరు సిలిండరు గోడకు సూదిమొనపాటి రంధ్రమొకటి కలదు. పెడలు వదలియున్నంతసేపు అది తెరచియుండి డబ్బాతో కలిసియుండును. వేడికి ద్రవము వ్యాకోచించినచో ఎక్కువైనది ఆ దారిని డబ్బాలోనికి పోవును. పెడలు నొక్కిన మొదటి క్షణముననే రబ్బరు గిన్నె దానిని దాటి మూసివేయును. అప్పుడుగాని ఒత్తిడి పుట్టదు. చెరువునకు అలుగు ఎట్టిదో దీనికి ఈ రంధ్రమట్టిది. కడ్డీ పొడుగై పిస్టనును కొంచెము ముందుకు తోసియుంచినచో అలుగు మూసినట్లే. ద్రవము వేడెక్కి ఉబ్బును, పోవుటకు దారిలేదు. ప్యాడ్లను తోయును, బిళ్ల రాచుకొనును, మరింత వేడెక్కును. తేమ పీల్చిన పాత ద్రవములో నీరు మరుగును. ఘట్‌కేసరు దారిలో నాకు జరిగినది ఇదియే. దుకాణమువారు రెండుమార్లు గాలి తీసినను లోపలి ద్రవము సగము పాతదే. కడ్డీ సంగతి ఎవరును చూడలేదు. పెడలు ఎత్తుగా నుండుట చూచి బ్రేకు బాగుపడినదని నేనును సంతసించితిని.

కావున పెడలు కొనను కొన్ని మిల్లీమీటర్ల వట్టి ఆట తప్పక ఉండవలెను. బండితో ఇచ్చు పుస్తకమున ఆ కొలత వ్రాయబడియుండును. రంధ్రము తెరచియున్నదో లేదో తెలిసికొనుటకు వాడు చూపిన పరీక్ష మిక్కిలి సులువు. డబ్బా మూత తీసి, మరియొకరిచేత పెడలును మెల్లగా తాకించుడు. నొక్కు మొదలగుచుండగనే డబ్బాలోని ద్రవముపై చిన్న అల లేచిన రంధ్రము తెరచియున్నట్లు. ముఖము దగ్గర పెట్టి చూడకుడు. ఒక్కొక్కప్పుడు అది కంటిలోనికి చిమ్మును.

అలుగు తెరచినంతమాత్రమున గాలి పోలేదు. వెనుక బ్రేకు గాలి తీయుటలో ముందు బ్రేకున లేని చిక్కు కలదు. గాలి పైకి పోవునది. ఎత్తైన చోట నిలుచును. ముందు బ్రేకున డబ్బా చేతికడ ఎత్తున నుండును గనుక గొట్టములోని బుడగలు తమంతట తామే పైకి ప్రాకును. వెనుక సిలిండరు నిలువుగా నుండి, గొట్టము దాని నెత్తిన ఒక బోలు బోల్టుతో కలియును. దీనిని బ్యాంజో బోల్టందురు. డబ్బాకు పోవు రంధ్రములు ఆ బోల్టుకంటె దిగువన ప్రక్కగోడలో నున్నవి. ఇక నెత్తిన చేరిన బుడగ ఎటుపోవును? అటకమీద ఎక్కిన పిల్లివలె అచటనే కూర్చుండును.

మరియొక లెక్క. గొట్టము లోపలి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. ఒకమారు నిండుగా నొక్కిన 1.27 ఘన సెంటీమీటర్ల ద్రవము అందులో 18 సెంటీమీటర్లు నడచును. గొట్టము పొడవు రెండడుగులనుకొన్నను బుడగ ఆ కొననుండి ఈ కొనకు చేరుటకు మూడు నాలుగు నిండు నొక్కులు కావలెను. నొక్కు పొట్టిదైనను, నిప్పిలు మూయకముందే పెడలు వదలినను బుడగ గానుగెద్దువలె ఉన్నచోటనే తిరుగుచుండును. చేయువాడు మాత్రము నూరుమార్లు నొక్కితినని ప్రమాణము చేయును. అది అబద్ధమును గాదు.

శిష్యుడు మొదట బోల్టు చుట్టు పాతగుడ్డ చుట్టెను. నన్ను పెడలు మెల్లగా నొక్కి పట్టుమని చెప్పి, బోల్టును రవంత వదులుచేసెను. చిటపట శబ్దముతో నురుగు వచ్చెను. వెంటనే బిగించెను. మూడుమార్లు ఇట్లు చేయగా నాలుగవమారు తేట ద్రవమే వచ్చెను. ఆ బోల్టునకు ఇరువైపుల రాగి వాషర్లుండును. ఒకమారు అణగినవి మరల సరిగా పట్టవని వాడు చివరకు క్రొత్తవి వేసెను; వేసిన పిదప మరియొకమారు గాలి తీసెను.

తరువాత చేసినది నాకు మిక్కిలి నచ్చినది. మందులదుకాణమునుండి పెద్ద సిరంజి నాచేత తెప్పించెను. డబ్బాలోని పాత ద్రవమును చాలవరకు పీల్చి పారవేసెను. లేనిచో క్రిందినుండి తోసినది పొంగిపొరలును. సిరంజిలో క్రొత్త ద్రవము నింపి, తెల్లని గొట్టము తగిలించి, గొట్టములోని గాలి యంతయు పోవువరకు తోసి, దానిని నిప్పిలునకు బిగువుగా తొడిగెను. నిప్పిలు సగము చుట్టు విప్పి, పాలు త్రాగని శిశువునకు ఉగ్గు పోయునంత నెమ్మదిగా తోసెను. ద్రవము చక్రమునుండి వెనుకకు ప్రవహించి సిలిండరుగుండ డబ్బాలోనికి పోవుచుండగా, నేను డబ్బాలో చూచుచుంటిని. మొదట నల్లని మడ్డి, పిదప ఆవగింజలవంటి బుడగలు వరుసగా లేచినవి. సన్నని దారిలో ప్రవాహము బుడగను తనతో ఈడ్చుకొనిపోవుననుట అప్పుడు కంట చూచితిని. ఇది పనిచేయుటకు ఆ సూదిమొన రంధ్రము తెరచియుండవలెననుట మరువరాదు. కడ్డీ సరిచేయకముందు ఈ సిరంజి పెట్టినచో ఏమియు కదలకపోయెడిది.

క్యాలిపరును కూడ వాడు బిగించియుంచి పని చేయలేదు. విప్పి, గొట్టము మెలిపడకుండ, నిప్పిలు అన్నిటికంటె పైకి ఉండునట్లు చేత పట్టుకొనెను. పిస్టను జారి బయటపడకుండ ప్యాడ్ల నడుమ చెక్కముక్క ఉంచెను. కొన్ని బండ్లకు బిగించిన స్థితిలో నిప్పిలు కొంచెము దిగువన పడును. దానిపై గోపురమువంటి చోట గాలి నిలిచిపోవును. ఎంత నొక్కినను దిగువనుండి ద్రవము వచ్చును గాని మీది గాలి రాదు.

ఈ ఉపాయములు ఎచట నేర్చితివని అడిగితిని. ట్రయల్సు బండ్లను గూర్చిన పాఠములలో చూచితిననెను. అవి ఆసనము లేని తేలిక బండ్లు. మన మౌలాలి గుట్టవంటి బండలమీద నిలుచుండి నడుపు పోటీలకై చేసినవి. వేగముతో పనిలేదు. కాలు నేలకు తాకినచో ఒక తప్పు. దాటలేకపోయిన అయిదు తప్పులు. తక్కువ తప్పులు చేసినవాడు గెలుచును. బ్రిటనులో ఈ క్రీడ నూరేండ్లనాటిది. స్కాట్లండులో ఆరు దినముల పరీక్ష 1909లోనే మొదలయ్యెను. ప్రపంచపోటీ 1975నుండి జరుగుచున్నది. స్పెయిను దేశపు టోనీ బౌ 2007లో మొదటిమారు గెలిచి, అటుపై పదునైదేండ్లకు మించి వరుసగా మరియొకని గెలువనీయలేదు. బండరాతి కొనయందు వెనుక చక్రము గోరంత కదలినను పడిపోవు ఆటలో వెనుక బ్రేకే ప్రాణము. ఆ బండ్లలో సిలిండరు చిన్నది, నొక్కు పొట్టిది. కనుక వాని వెనుక బ్రేకులు గాలి వదలుటలో మహా మొండివని పేరు. ఆ మొండితనమును లొంగదీయుటకు పుట్టిన పద్ధతులే మన మామూలు బండికి పనికివచ్చినవి.

ఆ రాత్రి పెడలును కొంచెము నొక్కి తాడుతో కట్టియుంచుమని చెప్పెను. తెల్లవారి వదలగా డబ్బాలో రెండు మూడు నలుసువంటి బుడగలు తేలినవి. ఇది అందరు పాటించు చిట్కాయే. అందరికి ఫలించునని నేను పూచీపడలేను; నాకు ఫలించినది.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింతును. ఈ ద్రవము రంగును తినివేయును. పడినచోట వెంటనే నీళ్లతో కడుగుడు. బిళ్లకుగాని ప్యాడ్లకుగాని అంటనీయకుడు. మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసాలోనిది పోయకుడు. అది అప్పటికే తేమ త్రాగినది. ఇంజను ఆయిలు ఒక్క చెంచాడైనను పోయరాదు. రబ్బరు గిన్నెలు ఉబ్బి పాడగును. ‘ఆయిలు’ అను పేరే ఈ పొరపాటునకు మూలము. డాట్ 5 అనునది వేరొక జాతి, సిలికోనుది. దానిని తక్కినవానితో కలపకుడు. డబ్బా మూతమీద ఏమి వ్రాసియున్నదో అదే కొనుడు. సిరంజి వెనుకకు లాగి గాలి తీయజూచువారికి బుడగలు ఎంతకును ఆగవు. అవి నిప్పిలు మరలచుట్టు బయటినుండి వచ్చు గాలి బుడగలు, లోపలివి గావు. బెదరవలదు. 125 సీసీ మించిన క్రొత్త నమూనాల బండ్లకు 2018 ఏప్రిలు 1 నుండియు, అట్టి తక్కిన క్రొత్త బండ్లన్నిటికి 2019 ఏప్రిలు 1 నుండియు ఏబీఎస్ అను యంత్రము విధిగా పెట్టవలెనని ప్రభుత్వము నియమించినది. వెనుక బ్రేకు గొట్టము ఆ పెట్టెగుండ పోవు బండ్లలో, పెట్టె లోపల గాలి చిక్కినచో ఇంటికడ తీయుట కష్టము. కంపెనీవారి కేంద్రమునకే తీసికొనిపోవలెను.

పని యంతయు అయిన పిదప పెడలు నొక్కి అర నిమిషము పట్టియుంచుడు. మెల్లగా దిగుచున్నచో అది గాలి గాదు; రబ్బరు గిన్నెయైనను పోయియుండవలె, ఎచటనైనను కారుచుండవలె. గట్టిగా నిలిచినచో చక్రమును నేలకు తాకకుండ నిలిపి చేత త్రిప్పి చూడుడు. వదలిన వెంటనే స్వేచ్ఛగా తిరుగవలెను. ఆ పిదప జనము లేని చోట నడక వేగమున పది మార్లు ఆపి చూచి, అప్పుడు రోడ్డెక్కుడు.

నేను ఆ పది మార్లును ఉప్పలులో మా వీధిచివర ఖాళీస్థలమున చూచుకొంటిని. పదకొండవమారు మనుమడు వచ్చి వెనుక కూర్చుండెను. “తాతా, ఇప్పుడు నొక్కు” అనెను. నొక్కితిని. వాని నుదురు నా వీపునకు ఠక్కున తగిలినది.